అద్దం బిళ్ల

డిస్కు తిరగడం మొదలుపెట్టింది. తనూజ డ్రైవుకు చెవి ఆనించి వింది. ముందు సన్నగా ఈగ ముసిరినట్టు, తర్వాత కొంచెం జోరుగా, ఆ తర్వాత టక్కుమని ఒక దెబ్బ, మళ్లీ మొదటికి. కాసేపు అలా ఆయాసపడి డ్రైవు చతికిలబడింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో అదే ఇంగ్లిషు వాక్యం వచ్చింది. డిస్కును చదవలేకపోతున్నాను, సరైన డిస్కు పెట్టండి అని దాని భావం. పొద్దుట్నుంచి చూసీ చూసీ ఆమెకు ఆ వాక్యం ఎవరో ఎదురుగా కూర్చుని దెప్పుతున్నట్టే ఉంది.

"సరైనదే పెట్టాను, నీ మొహం మండా" అంది పైకే.

వంటింట్లోంచి అత్తగారు కనకమహాలక్ష్మి కేకేసింది. "ఏటమ్మా, ఏటంటోంది?"

"ఏమీ అనట్లేదత్తయ్యా. పాత పాటే."

"కాసేపు ఒగ్గీ. దానికీ నీరసం వచ్చిందేమో."

తనూజ నవ్వలేదు. శుక్రవారం అప్పుడే పది దాటిపోయింది. ఆ హిందీ ఊరి రైల్వే క్వార్టరు ముందుగదిలో సగం ఆక్రమించుకుని ఎంబ్రాయిడరీ మిషను నోరు మూసుకుని కూర్చుంది. ఫ్రేములో పక్క లైను ప్రసూన పెళ్లి జాకెట్టు బిగించినది బిగించినట్టే ఉంది. దాని మీద నెమలికి తలా మెడా వచ్చాయి, ఒళ్లు రాలేదు. ఆ మిషను తనంతట తాను ఒక్క కుట్టూ వేయదు. పక్కనున్న పాత కంప్యూటరు చెబితేనే వేస్తుంది. మొన్న ఆ కంప్యూటరు హార్డ్‌డిస్కు పోయింది. వ్యాపార్ విహార్‌లో రిపేరు కొట్టు పెట్టుకున్న ఓంకార్ వచ్చి వేరేది బిగించి, "ఇంక మీ డిస్కు పెట్టి ఎక్కించుకోవడమే దీదీ" అని చేతులు దులుపుకుని పోయాడు.

ఆ డిస్కు ఒక్కటే ఉంది. కంప్యూటరును లేపే ఆపరేటింగ్ సిస్టమూ, మిషనుతో మాట్లాడే ప్రోగ్రామూ, కుట్టే బొమ్మలూ అన్నీ దాంట్లోనే ఉన్నాయి. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పెన్‌డ్రైవులో వేసి ఎక్కిద్దామంటే ఈ ముసలి కంప్యూటరుకు ఆ విద్య రాదు. అందుకని ఆ డిస్కు తిరిగితే మిషను ఉన్నట్టు, తిరక్కపోతే లేనట్టు.

తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చింది. లేవగానే ముందు డిస్కు వైపే చూడమని కంప్యూటరుకు చెప్పిన మాట అలాగే ఉందో లేదో సెట్టింగుల్లోకి వెళ్లి చూసింది. అన్నీ సరిగానే ఉన్నాయి. స్క్రూడ్రైవరు తీసుకుని పెట్టె వెనక పలక విప్పుతుండగా ఫోను మోగింది. భర్త రాజేంద్ర గూడ్సు బండి లోకోపైలట్. శహడోల్‌లో డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములోంచి చేస్తున్నాడు.

"తనూ, అన్నయ్య ఫోన్ చేశాడు. మిషనుకి బేరం కుదిర్చాడట. తఖత్‌పూర్ పార్టీ. ఎల్లుండి ఆదివారం బండి తెచ్చుకుంటారు."

"ఎవర్ని అడిగి?"

"అది ఎలాగూ ఆగిపోయింది కదా అని..."

"ఎవర్ని అడిగి అంటున్నాను."

అవతల ఏదో ఇంజను కూత వేసింది. ఆ కూత అయిపోయేదాకా ఆగాడు రాజేంద్ర. అవసరమైనప్పుడు కూతలు బాగా ఆదుకుంటాయి.

"నేను సరే అన్నాను" అన్నాడు చివరికి.

"అచ్ఛా. ఆదివారం లోపల అది ఆడితే?"

"ఆడితే ఎందుకు అమ్ముతాం? ఆడితే వద్దని చెప్పేద్దాం. అన్నయ్యతో కూడా ఆ మాటే అన్నాను, ప్రామిస్."

ఫోను పెట్టేశాక తనూజకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ఎక్కువ కోపమొచ్చింది. బావగారు జయప్రకాష్ చెడ్డవాడు కాదు. అదే చిక్కు. రైల్వే కమర్షియల్ ఆఫీసులో పని చేసి చేసి, ఊళ్లో ఎవరికి ఏది మంచిదో తనకే తెలుసన్న నమ్మకం వచ్చేసిన మనిషి. మిషను వచ్చిన దగ్గర్నుంచీ ఆయనది ఒకటే మాట. "రాత్రంతా బండి తోలి వచ్చినవాడు ఈ టకటకల్లో ఎలా పడుకుంటాడు? ఏ సిగ్నలు దగ్గరో రెప్ప పడితే ఎవరు జవాబుదారీ?" ఆ మాటకు ఎదురు చెప్పగల ఆడది ఏ రైల్వే క్వార్టర్లోనూ ఉండదు.

నిజానికి రాజేంద్ర ఇంట్లో పడుకున్నప్పుడు ఆమె ఏనాడూ మిషను ఆడించలేదు. డ్యూటీకి పిలుపొచ్చి అతను బ్యాగు భుజాన వేసుకుని సందు మలుపు తిరిగాకే మిషను మీద గుడ్డ తీసేది. అతను వచ్చే వేళకు మళ్లీ కప్పేసేది. ఆ సంగతి ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. కాలనీ ఆడవాళ్లు జాకెట్లు పట్టుకొచ్చి "తనూజగారున్నారా" అని గుమ్మంలో నిలబడేది ఆ ముందుగది దగ్గరే. ఆ గదిలో ఆమె ఒకరి కోడలూ కాదు, ఒకరి మరదలూ కాదు. ఆదివారం బండెక్కేది మిషను ఒక్కటే కాదని ఆమెకు బాగా తెలుసు.

డిస్కు బయటికి తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది. మెరిసే వైపు సన్నటి మసక. జిడ్డు. మిషనుకు నూనె వేసే చేత్తోనే పట్టుకుని ఉంటాననుకుని తనను తానే తిట్టుకుంది. సబ్బునీళ్లలో ముంచి మెత్తటి నూలుగుడ్డతో మధ్యనుంచి అంచుకు, మధ్యనుంచి అంచుకు, మెల్లగా తుడిచి ఆరబెట్టింది. పెట్టింది. తిరిగింది. టక్కుమనలేదు.

తెర నీలంగా మారింది. కింద సన్నటి గీతలాంటి గొట్టంలో పసుపు రంగు ఎడమనుంచి కుడికి పాకడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, రండి! చదువుతోంది!"

కనకమహాలక్ష్మి చేతులు పమిటకు తుడుచుకుంటూ వచ్చి నడుం వంచి చూసింది. "ఇది నిండాలేటి?"

"మొత్తం నిండాలి. మధ్యలో ఆగితే మళ్లీ మొదటికే."

"నిండుతాది" అంది ఆవిడ. అక్కడే నిలబడి, పాలు పొంగుతాయేమోనని చూసినట్టు, తెర మీంచి చూపు తిప్పలేదు.

సగం నిండింది. బయట ఉరిమింది. రెండో ఉరుముకు కరెంటు పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. తనూజ నల్లబడ్డ తెరలో తన మొహం తానే చూసుకుంటూ కూర్చుంది. కరెంటు చీకటిపడ్డాక గానీ రాలేదు. వచ్చింది కూడా కుదురుగా లేదు. ఆ మినుకుమినుకుల్లో కొత్త హార్డ్‌డిస్కును కూడా పోగొట్టుకోవడం ఎందుకని డిస్కును కవరులో పెట్టి కంప్యూటరు మీద ఉంచి, పొద్దున్నే చూద్దామనుకుంది.

శనివారం పొద్దున డిస్కు మళ్లీ టక్కుమంది.

నమ్మలేక మళ్లీ పెట్టింది. అదే దెబ్బ, అదే వాక్యం. నిన్న కడిగింది, నిన్న చదివింది. రాత్రికి రాత్రి దానికేం రోగం వచ్చింది? డిస్కు బాగుంది కాబట్టి తప్పు డ్రైవుదే అయ్యుండాలని తేల్చుకుంది. డ్రైవు ఊడదీసి, పాత చీరముక్కలో చుట్టి, స్కూటీ మీద వ్యాపార్ విహార్‌కు బయల్దేరింది. గీతలు పడతాయన్న భయంతో డిస్కును ఇంట్లోనే ఉంచింది. అదే తీసుకెళ్లి ఉంటే కథ అక్కడే తేలిపోయేది.

లారీలు అడ్డదిడ్డంగా నిలబడ్డ గోదాముల మధ్య ఓంకార్ కొట్టు. అతను డ్రైవు మూత విప్పి లోపలి చిన్న కంటిని దూదితో తుడిచాడు. దూది చివర ఎర్రగా అయింది.

"ఇదేంటి దీదీ, లాల్ ధూల్?"

"రోడ్డు పక్క క్వార్టరు కదా. అంతా దుమ్మే."

"అవును, ఇక్కడ దుమ్ము లేనిదెక్కడ" అని భజన పాటల డిస్కు ఒకటి పెట్టి చూపించాడు. ఎక్కడా తడబడకుండా పాడింది. "డ్రైవు ఫస్ట్ క్లాస్. గడ్‌బడ్ డిస్కులోనే ఉంది దీదీ."

"నిన్న చదివిందయ్యా బాబూ!"

"డిస్కులు ముసలాళ్లలాంటివి. ఒకరోజు చూపు ఆనుతుంది, ఒకరోజు ఆనదు. దానికి మనమేం చేస్తాం?"

ఇంటికొచ్చి డ్రైవు బిగించి, డిస్కును మళ్లీ కిటికీ దగ్గర పట్టుకుంది. మసక మళ్లీ వచ్చింది. తనూజకు ఒక్క క్షణం భయం వేసింది. నిన్న కడిగాక చేతులకు సబ్బు పెట్టుకుని గానీ ముట్టుకోలేదు. మతి పోతోందా నాకు అనుకుంది. అయినా నోరు మూసుకుని కడిగింది, తుడిచింది, పెట్టింది. తెర నీలమైంది. పసుపు పాకింది. ఈసారి ఆకాశం కూడా తెరిపిగా ఉంది.

ముప్పావు దాకా నిండింది. అప్పుడు గుమ్మంలో చెప్పుల చప్పుడయింది. ఊరక రారు మహాత్ములు. జయప్రకాష్, చేతిలో టేపు.

"ఏమ్మా, ఏంటింకా దాంతో కుస్తీ?" అంటూనే గుమ్మం వెడల్పు కొలిచాడు. మిషను పొడవు కొలిచాడు. "గోడవైపు ఎంతుందో చూడాలి. వాళ్లు చిన్న బండి తెస్తారట" అని వంగి మిషనును ముందుకు లాగాడు.

"బావగారూ, వద్దు, ఆగండి, ఎక్కుతోంది..."

ఆమె మాట పూర్తయ్యేలోపు గోడలోని ప్లగ్గు తీగతో సహా ఊడొచ్చింది. తెర ఆరిపోయింది.

"అరె" అన్నాడు జయప్రకాష్ తీగ కొసను చూస్తూ. "పోనీలే. ఎలాగూ పనిచేయట్లేదు కదా. నువ్వు మరీ మనసు పెట్టుకోకమ్మా. తమ్ముడి ప్రాణం కంటే ఎక్కువేం కాదు కదా ఇది."

తనూజ ఆయన చేతిలోంచి తీగ కొస తీసుకుంది. అత్తగారి వైపు చూసింది. వంటింటి గుమ్మంలో నిలబడి కనకమహాలక్ష్మి అంతా చూసింది. ఆవిడ నోరు తెరిచింది. పెద్దకొడుకు మొహం చూసి మూసేసింది. మామగారు పోయాక ఆ ఇంట్లో పెద్దకొడుకు మాట మీద మాట లేదు. లోపలికెళ్లి అతనికి టీ పెట్టింది. ఆ టీ గ్లాసు చూస్తే తనూజకు ఒళ్లు మండింది. ఆడది ఆడదాని వైపు ఒక్క మాటైనా అనకూడదా అనుకుంది.

సాయంత్రం కూర్చుని తెగిన తీగ అతికి, ప్లగ్గు బిగించింది. అప్పటికే మళ్లీ వాన, మళ్లీ కరెంటు కళ్లార్పడం. డిస్కు కవరులోకి వెళ్లింది.

ఆదివారం ఇంకా తెల్లవారకముందే రాజేంద్ర డ్యూటీ దిగి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మిషను వంక చూసి, భార్య వంక చూడలేక చూసి, "అయిందా?" అన్నాడు.

"లేదు."

అతను లోపలి గదిలోకెళ్లి ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. తనూజ మొహం కడుక్కుని ముందుగదిలోకి వచ్చింది. కంప్యూటరు మీద కవరు ఉంది, డిస్కు లేదు. వంటింట్లో దీపం వెలుగు కనిపించి అటు వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయింది.

దేవుడి అర ముందు కనకమహాలక్ష్మి నిలబడి ఉంది. ఎడమ అరచేతిలో డిస్కు. ఉంగరం వేలు ప్రమిదలో నూనెకు తాకించి, కుంకంలో అద్ది, మెరిసే వైపు నిండుగా బొట్టు పెట్టింది. ఇంకోటి పెట్టింది. చుట్టూ పసుపు చుక్కలు. "ఈయాలైనా కళ్లు తెరు తల్లీ. మా గుంటని ఏడిపించకు" అంది. కాసేపు కళ్లు మూసుకుని, తర్వాత పమిట చెంగుతో ఆ బొట్టునంతా గుండ్రంగా, శ్రద్ధగా తుడిచేసింది.

తనూజ ఒక్క అంగలో లోపలికి వచ్చింది. "అత్తయ్యా!"

ఆవిడ ఉలిక్కిపడి డిస్కును పమిట చాటుకు తీసుకుంది.

"రోజూ పెడుతున్నారా?"

"పెట్టెలోంచి తీసిన్నాటి నుంచీ. ఏటయింది? మీ మావయ్య షెడ్డులోకి కొత్తింజనొస్తే బొట్టెట్టకుండా ముట్టుకునేవోరా?"

"మరి తుడిచేయడం ఎందుకు?"

"నువ్వు నవ్వుతావని."

తనూజ నిజంగానే నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఈ వైపే ఎందుకు పెట్టారత్తయ్యా?"

"బాగుంది. మొహం అగుపడేది ఇటే కదా. అద్దంలాగ నీ మొహం నీకు అగుపడుతుంటే! మొహానికి కాక ఈపుకెడతారేటి బొట్టు?"

కోపం నిలబడడానికి చోటు లేకుండా పోయింది. అయినా చెప్పక తప్పదు. డిస్కును దీపం దగ్గర పట్టుకుని చూపించింది. "ఇది ఈ వైపునుంచే చదువుతుంది. నూనె తగిలితే దీనికి కళ్లు కనపడవు. నేను రోజూ కడుగుతున్నాను, మీరు రోజూ..."

అక్కడితో ఆపేసింది. ఆపేసరికే ఆలస్యమైంది. కనకమహాలక్ష్మి తన కుడిచేతి వేలు వంక చూసుకుంది, ఎరుపు ఇంకా పోలేదు.

"అయితే నా చెయ్యేనా?" అంది. "నీ పని కానియ్యంది నా చెయ్యేనా?"

"అది కాదత్తయ్యా..."

ఆవిడ డిస్కును ఇచ్చేసి, పొయ్యి వైపు తిరిగి నిలబడింది. ఎంత పిలిచినా ఇటు తిరగలేదు.

తనూజ డిస్కు కడిగింది. రెండుసార్లు తుడిచింది. పెట్టింది. తెర నీలమైంది. పసుపు పాకడం మొదలైంది. అత్తగారు చూడటానికి రాలేదు. పక్కన ఆవిడ లేకుండా ఆ గొట్టం నిండడం చూడటం ఎంత బరువుగా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

సగం నిండేసరికి వీధిలో బండి ఆగింది. తఖత్‌పూర్ వాళ్లు బండి దిగకుండా బీడీలు వెలిగించుకున్నారు. జయప్రకాష్ ఒక్కడే లోపలికి వచ్చాడు, చేతిలో తాడు చుట్ట.

"పదమ్మా, తీసేద్దాం. మబ్బు పట్టింది, వాళ్లు ఆగరట."

"కొంచెం సేపు బావగారూ. సగం పైన ఎక్కింది. ఆయన మీకు చెప్పారు కదా, ఆడితే అమ్మబోమని."

"రెండ్రోజుల్నుంచీ ఎక్కుతూనే ఉందమ్మా అది. ఎక్కేదాన్ని ఎవరూ వద్దనట్లేదు. కాని చూడు, నేను మాటిచ్చి పిలిపించాను" అంటూ ప్లగ్గు వైపు కదిలాడు.

అప్పుడు వంటింట్లోంచి కనకమహాలక్ష్మి వచ్చింది. చేతిలో చిక్కుడుకాయల పళ్లెం. ఎవరి వంకా చూడకుండా నేరుగా వెళ్లి ప్లగ్గు ఉన్న గోడకు వీపు ఆనించి, కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంది. ఒక చిక్కుడుకాయ తీసి ఈనె లాగింది.

"అమ్మా, కొంచెం జరుగు" అన్నాడు జయప్రకాష్.

"ఎలా జరగనురా? నడుం పట్టీసింది. కూకుంటే లెగలేను."

"లోపల కూర్చుని తీసుకోవచ్చుగా ఈనెలు?"

"అక్కడ ఎలుతురు నేదు."

ఆయన తల్లి వంక తెల్లబోయి చూశాడు. ఆమె ఇంకో కాయ తీసింది. తనూజ తెర వంక చూసింది. ముప్పావు. బయట బండి హారన్ కొట్టింది. జయప్రకాష్ గుమ్మందాకా వెళ్లి ఏదో సర్దిచెప్పి వచ్చాడు. వచ్చేసరికి ఆవిడ కదల్లేదు, పళ్లెంలో ఈనెలు మాత్రం పెరిగాయి. పసుపు చివరి అంచుకు చేరింది, అక్కడ ఒక్క క్షణం ఆగింది. గొట్టం నిండింది. డ్రైవు తలుపు తెరుచుకుని డిస్కును బయటకు తోసింది. కంప్యూటరు తనంతట తాను ఆరి, మళ్లీ వెలిగి, మిషను బొమ్మ చూపించింది.

తనూజ వేళ్లు తడబడుతూ నెమలి బొమ్మ వెతికి తెరిచింది. సూదిని ఆగిపోయిన మెడ దగ్గరకు తెచ్చి నిలిపింది. దారం సరిచూసింది. అక్కడ ఆగిపోయింది. లోపల రాజేంద్ర పడుకుని ఉన్నాడు.

"ఆడించు" అంది కనకమహాలక్ష్మి.

"ఆయన పడుకున్నారత్తయ్యా. లేచాక..."

"అదే కదా నేను మొదట్నుంచీ మొత్తుకునేది" అన్నాడు జయప్రకాష్ ప్రాణం లేచి వచ్చినట్టు. "ఇది ఆడినా ఆడకపోయినా వాడి నిద్ర మాట ఏంటి?"

"ఆడించమ్మా" అంది ఆవిడ మళ్లీ.

తనూజ మీట నొక్కింది.

మిషను టకటకమని లేచింది. గది అదిరింది, కిటికీ రెక్క గలగలమంది, పళ్లెంలో చిక్కుడుకాయలు వణికాయి. ముగ్గురూ లోపలి గది తలుపు వంక చూశారు. తనూజ మీట మీంచి చెయ్యి తీయలేదు. ఇప్పుడు లేస్తాడు, ఎర్రటి కళ్లతో గుమ్మంలో నిలబడతాడు, బావగారి మాటే నిజమవుతుంది. సూది మెడ దాటి రెక్క మీదికి దిగింది. దారం తెగితే తప్ప ఆపకూడదని పళ్లు బిగించి నిలబడింది.

రెక్క పూర్తయి, సూది రంగు మార్చుకోవడానికి ఆగింది. ఆ నిశ్శబ్దంలో లోపలినుంచి రాజేంద్ర గురక వినిపించింది. ఎక్కడా శ్రుతి తప్పకుండా సాగుతోంది.

"ఇంజన్లో బతికేవోడికి ఇదో సప్పుడేటి?" అంది కనకమహాలక్ష్మి.

జయప్రకాష్ తాడు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మరి నేనిచ్చిన మాట?"

"నీ మాట నువ్వట్టుకెళ్లు నాయనా. మిషను నీది కాదు కదా." ఈనెలు చేతిలోకి ఎత్తుకుంటూ అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ముందు కోడల్నడగవలసింది. నేనూ అడగనేదు, నాకూ బుద్ధి నేకపోయింది."

ఆయన బయటికి వెళ్లాడు. బండి వెనక్కి తిరిగిన చప్పుడు మిషను చప్పుడులో కలిసిపోయింది. తనూజకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ భర్త లేస్తాడేమోనని ఎన్ని మధ్యాహ్నాలు మిషను మీద గుడ్డ కప్పి ఊరికే కూర్చుందో తలుచుకుంటే తన మీద తనకే జాలి వేసింది. ఒక్కసారి ఆడించి చూడాలని తనకు మాత్రం తోచిందా?

నెమలి తోక మొదలయ్యాక అత్తగారు చెయ్యి ఆసరా అడిగి లేచింది. డ్రైవు తలుపు మీదున్న డిస్కును చూసింది కానీ ముట్టుకోలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

తనూజ వెళ్లి దేవుడి అరలోని కుంకం భరిణె తెచ్చింది. డిస్కును అంచులు పట్టుకుని తీసి, మెరిసే వైపు కిందికి తిప్పి, కంపెనీ పేరు అచ్చు వేసిన వైపు ఆవిడ ముందు పట్టుకుంది.

"మొహం ఇటత్తయ్యా" అంది. "పెట్టండి."

"వద్దులేమ్మా. మళ్లీ ఏటైనా అవుతాది."

"ఏం కాదు. ఇటు పెడితే ఏం కాదు."

ఆవిడ వేలు పమిటకు తుడుచుకుంది. తర్వాత నూనె లేకుండా, పొడి వేలితోనే, చిన్న బొట్టు పెట్టింది. ఈసారి తుడవలేదు.